ఎండుచేపల మీద నేను రాసిన ఖండన

"ఇంతకీ మీ ఆఫీసులో మీరేం చేస్తారు నాయనా?" అని మా అత్తగారు నన్ను చాలా ఏళ్ళపాటు అడుగుతూండేది. పెద్దవాళ్ళొస్తే దండలు వేయించడం, విలేకరులొస్తే కాఫీలు ఇప్పించడం, పేపర్లో మా కంపెనీ గురించి చెడ్డగా పడితే అలా కాదని రాయడం అని చెప్పేవాణ్ణి. మొదటి రెండూ ఆవిడకు బాగానే అర్థమయ్యాయి. మూడోది విని, "చెడ్డ చేసి కాదని రాస్తారా, చెయ్యనప్పుడే రాస్తారా?" అంది. నవ్వేసి ఊరుకున్నాను.

డెబ్బైల్లోనూ ఎనభైల్లోనూ విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కంపెనీలో పౌరసంబంధాల అధికారిగా పనిచేశాను. హార్బరు దగ్గర్లో ఇనుప ఖనిజం గుట్టలు పోసి, ఓడలకెక్కించే కంపెనీ. పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. నేను గోదావరి జిల్లా వాణ్ణి. అప్పట్లో నాలాగే గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్ళం చాలామందిమి ఉండేవాళ్ళం. ఊరు మాకు అన్నం పెట్టింది. ఊరిని మేం ఏపాటి తెలుసుకున్నామన్నది వేరే సంగతి.

ఈ మధ్య, ఇప్పుడు నేనుంటున్న దువ్వాడలో, మా వీధి పిల్లలిద్దరు ఇలాంటి ఉద్యోగాల్లోనే చేరుతూ, పత్రికల్లో వ్యతిరేకంగా వార్తలొస్తే ప్రకటన ఎలా రాయాలో చెప్పమని వచ్చారు. నోటితో చెప్పబోతే సగం కూడా రాలేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నా ప్రమోషన్ల గురించీ, నాతో ఫోటోలు దిగిన మంత్రుల గురించీ ఇందులో లేదు.

మూడు మాటలు

నేను చేరిన కొత్తల్లో ఖండనకు మూడు మాటలుండేవి. నిరాధారం, సత్యదూరం, దురుద్దేశపూరితం. వార్త ఏదైనా సరే, ఈ మూడూ వరసగా పడాల్సిందే. జ్వరమైనా కడుపునొప్పయినా ఒకే రంగు గోళీ ఇచ్చే కాంపౌండరులా ఉండేది మా పద్ధతి. ముందు ఇంగ్లీషులో టైపు చేయించి, పైవాళ్ళ సంతకం పెట్టించి, దాన్ని తెలుగు చేసి, స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ మెషిన్ తిప్పి, సాయంత్రం లోపల స్కూటరు మీద పత్రికాఫీసులన్నీ తిరిగి ఇచ్చేవాణ్ణి. ఇంటికెళ్ళేసరికి చొక్కా చేతులకి సిరా, తలకి దుమ్ము.

ఒకసారి మా క్యాంటీను సాంబారులో బల్లి పడిందని ఒక చిన్న వారపత్రిక మూల పేజీలో మూడు వాక్యాలు వేసింది. నేను ఒంటికాలి మీద లేచి పేజీన్నర ఖండన రాసి అన్ని పత్రికలకూ పంచాను. మర్నాడు సీతమ్మధారలో మా ఇంటి ఎదురుగా ఉన్న డాక్టరుగారి కాంపౌండరు దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరూ, "మీ క్యాంటీనులో బల్లి పడిందటగా?" అని పలకరించినవాళ్ళే. బల్లి సంగతి వారపత్రిక వల్ల పదిమందికి తెలిస్తే, నా వల్ల ఊరందరికీ తెలిసింది. ఎవరూ చదవని వార్తను ఖండించకండి. ఈ మాట నాకెవరూ చెప్పలేదు, నేను మీకు చెబుతున్నాను.

ఇంకో పాఠం మాత్రం నవ్వుతూ చెప్పగలిగేది కాదు.

ఎర్రదుమ్ము

హార్బరు దాటాక ఒడ్డున ఒక చేపలవారి పల్లె ఉండేది. మగవాళ్ళు వేటకెళ్ళేవాళ్ళు, ఆడవాళ్ళు నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు ఎండబెట్టి పూర్ణా మార్కెట్టుకు తెచ్చి అమ్మేవాళ్ళు. గాలి అటు తిరిగిన రోజుల్లో మా ఖనిజం గుట్టల మీంచి ఎర్రదుమ్ము లేచి ఆ పల్లె మీద పడేది. మాకు తెలియక కాదు. గాలి మన చేతిలో ఉందా అనుకునేవాళ్ళం.

సన్యాసిరావని ఒక విలేకరి ఉండేవాడు. సైకిలు మీద ఊరంతా తిరిగేవాడు. పెద్దగా మాట్లాడడు గానీ రాస్తే మాత్రం వదలడు. ఒక ఏడాది అతను ఫోటోతో సహా వార్త వేశాడు, "ఎర్రబారిన ఎండుచేపలు" అని. ఫోటోలో ఒకావిడ రెండు చేతుల్తోనూ చేపలు పట్టుకుని చూపిస్తోంది. కింద పైడమ్మ అని పేరు.

మా జనరల్ మేనేజరు రంగనాథంగారు పొద్దున్నే పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. నౌకరు జబ్బుపడితే తన కారిచ్చి ఆస్పత్రికి పంపిన మనిషి. కానీ ఆ వారంలోనే బయటి దేశం నుంచి కొనుగోలుదారులు రావాల్సి ఉంది. వాళ్ళ కంటబడితే ఎలాగని ఆయన బెంగ.

"ఉత్త నిరాధారం అంటే ఈసారి చాలదండీ. ఫోటో ఉంది. శాస్త్రీయంగా ఏదైనా ఉండాలి. మన కెమిస్టుని తీసుకెళ్ళండి, నమూనా తెచ్చి పరీక్ష చేయించండి" అన్నారు.

సలహా మంచిదే. చూడకుండా రాయొద్దు, వెళ్ళి చూడమన్నారు పాపం. ఆ వెళ్ళడంలోనే నేను చేసిన ఘనకార్యం ఉంది.

నమూనా

కెమిస్టు సుబ్రహ్మణ్యమూ నేనూ జీపులో వెళ్ళాం. అతనూ శాకాహారే, నేనూ శాకాహారినే. మా ఇంట్లో చేప అన్న మాట భోజనం వేళ ఎత్తితేనే మా అమ్మ విస్తరి ముందు నుంచి లేచిపోయేది. జీపు దిగకముందే ఇద్దరం ముక్కులకు జేబురుమాళ్ళు కట్టుకున్నాం.

దూరంగా, నీళ్ళ ఒడ్డున, పాత వలలు పరిచి వాటి మీద చేపలు ఆరబోసి ఉన్నాయి. అక్కడికి వెళ్ళాలంటే ఇసకలో చాలా దూరం నడవాలి. రోడ్డు పక్కనే ఉత్త ఇసక మీద ఇంకో కుప్ప ఉంది. పడవలొచ్చే వేళ కావడంతో ఆడవాళ్ళంతా నీళ్ళ దగ్గరున్నారు. ఈ కుప్ప దగ్గర ఎవరూ లేరు.

"ఇవీ చేపలేగా?" అన్నాడు సుబ్రహ్మణ్యం రుమాలు లోంచి.

"చేపల్లాగే ఉన్నాయి. తీసెయ్యవయ్యా, పోదాం" అన్నాను.

పట్టకారుతో నాలుగు చేపలు ప్లాస్టిక్ సంచిలో వేశాడు. జీపెక్కేశాం.

పరీక్షలో ఇసక ఎక్కువనీ, ఖనిజధూళి కొద్దిగానే ఉందనీ, చేపలు మాత్రం బాగా కుళ్ళి ఉన్నాయనీ తేలింది. నాకు పండగే అనిపించింది. ఆ పూటే కూర్చుని, "ధూళి పడకముందే ఆ చేపలు కుళ్ళిపోయి, మనుషులు తినడానికి పనికిరాకుండా ఉన్నట్టు శాస్త్రీయ పరీక్షలో రుజువైంది" అని రాశాను. పల్లె పేరు కూడా రాశాను, వివరం ఉంటే నమ్మకం కుదురుతుందని. రంగనాథంగారు చదివి, లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. మర్నాడు పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. నేను రాసిన వాటిలో మొదటి పేజీకి ఎక్కింది అదొక్కటే. ఇంట్లో దాన్ని కత్తిరించి దాచుకున్నాను కూడా.

గేటు దగ్గర

నాలుగో రోజున గేటు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఎవరో ఎండుచేపలావిడ వచ్చిందనీ, పేరు తెలీదుట గానీ పేపర్లో రాసిన బాబుని చూడాలంటోందనీ కాపలావాడు చెప్పాడు.

వెళ్ళాను. ఫోటోలో చూసిన మనిషే. నెత్తి మీది గంప దించి గేటు పక్కన నీడలో కూర్చుని ఉంది.

"నువ్వేనా బాబూ పేపర్లో రాసింది?"

"నేనేనమ్మా."

"మాయి కుళ్ళు సేపలనీసి రాసినావట. కనకయ్య సదివి సెప్పినాడు. పూర్ణా మార్కెట్టులో ఆడి కొట్టుకే ఏత్తన్నాను నాను. మాయమ్మా ఆడికే ఏసీది. నిన్న గంప దింపనిచ్చినాడు గాదు. మీ పల్లె సేపంటే కొనీవోళ్ళు మొకం తిప్పుకుంతన్నారు, అట్టుకెల్లిపో అనీసినాడు."

ఆమె భర్తకు నడుం పడిపోయి అప్పటికే వేట మానేశాడు. ఇల్లు గడిచేది ఆ గంప మీద, ఆ ఒక్క కొట్టు మీద. కనకయ్య వద్దంటే ఆ వీధిలో ఇంకెవరూ ముట్టుకోరు. ఇదంతా ఆమె ఏడుస్తూ చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పింది.

"పరీక్షలో అలా తేలిందమ్మా" అన్నాను.

"ఎక్కడియి తీసినావు?"

"రోడ్డు పక్కన కుప్ప ఉందే, అందులోవి."

ఆమె నా మొహంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు కళ్ళకద్దుకుంది.

"అది గత్తం కుప్ప బాబూ! వలలో పడ్డ సెత్త సేపంతా అక్కడ పారబోత్తాం. కొబ్బరితోటలోళ్ళు బండి ఏసుకొచ్చి గత్తంలోకి అట్టుకుపోతారు. మడుసులు తినీది గాదు. సేప ఎరగవేటి నువ్వు?"

"మేం తినమమ్మా."

"తినకపోతే మానె. అడగొచ్చు గదా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పల్లెలో నడిచే ఏ పిల్లని అడిగినా చెప్పేది. చేపలు తినే మనిషెవరైనా ఆ కుప్పను దూరం నుంచి చూసి ఎరువని పోల్చుకునేవాడు. డిగ్రీలున్న మేమిద్దరం మాత్రం ముక్కు మూసుకుని వెళ్ళి ఎరువును పరీక్షించి, తినడానికి పనికిరాదని శాస్త్రీయంగా రుజువు చేసి వచ్చాం.

పైడమ్మ గంప మీద గుడ్డ తీసింది. నెత్తళ్ళు వెండి రేకుల్లా ఉన్నాయి.

"దుమ్ము పడ్డయి ఏరీసినాను. దుమ్మంటే కడిగి మల్లీ ఆరబెడితే పోద్ది. కుళ్ళు అన్న మాట కడిగితే పోద్దేటి బాబూ? నువ్వే రాసినావు, నువ్వే మల్లీ రాయి."

రాస్తానని మాటిచ్చాను.

వివరణ

అప్పుడే వెళ్ళి రంగనాథంగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అయ్యయ్యో అని నుదురు కొట్టుకున్నారు. అంతలోనే మా లా ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. నమూనా తప్పని మనమే ఒప్పుకుంటే దుమ్ము సంగతేమిటని రేపు కోర్టుకెక్కుతారని అతని వాదన. అతనా మాట అనడంలో తప్పు లేదు, అతని ఉద్యోగం అది. నా ఉద్యోగం ఏమిటో నాకు తెలియకపోవడమే తప్పు.

నేను మొదట రాసింది మూడు వాక్యాలు. మేం పరీక్షించింది ఎరువు కుప్పలోని చేపల్ని. ఆ పొరపాటు మాది. పల్లె ఆడవాళ్ళు అమ్మే చేపలు మంచివి. ఆ కాగితం ఆ గదికీ ఈ గదికీ తిరిగి నా బల్ల మీదికి వచ్చేసరికి ఇలా తయారైంది: "నమూనాల సేకరణ విషయమై కొన్ని అపోహలకు తావేర్పడినట్లు మా దృష్టికి వచ్చినందున, మత్స్యకార సోదరీమణుల పట్ల మా సంస్థకు గల ఎనలేని గౌరవాన్ని ఈ సందర్భంగా పునరుద్ఘాటిస్తున్నాము."

అప్పుడే, ఇది నేను పంపను అనవలసింది. అనలేదు. ఉద్యోగానికి ఎసరొస్తుందని భయం వేసింది. అసలు లేనిదానికంటే ఇదన్నా నయం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈ సర్దుబాటు మీక్కూడా వస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేకుండానే వస్తుంది. అది వచ్చినప్పుడు కాస్త ఆగండి.

పత్రికలు దాన్ని లోపలి పేజీలో, తప్పిపోయిన మనుషుల ప్రకటనల కింద వేశాయి. ఆ కత్తిరింపు పట్టుకుని పైడమ్మతో కలిసి పూర్ణా మార్కెట్టుకు వెళ్ళాను. ఎండుచేపల వీధిలోకి వెళ్ళడం అదే మొదలు. ఈసారి రుమాలు కట్టుకోలేదు. సిగ్గేసింది.

కనకయ్య కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, పైకి చదివాడు. రెండోసారి చదివాడు. కాగితం తిప్పి వెనకవైపు చూశాడు.

"ఇందులో సేపలు మంచియని ఎక్కడుంది పంతులుగారూ?"

"అదే కనకయ్యా, అర్థం అదే."

"మీకు అరదవైతే సాలదు గదండీ. నాకు పైడమ్మ సేప తెలుసు. మా ఇంటిది ఒండీది అదే. కొట్టుకొచ్చినోడికి నాను ఏటి సూపించీది? ఎనలేని గౌరవం సూపించీదా? మీ మొదటి కాయితం తెలుగు రానోడిక్కూడా అరదమయిపోనాది. ఇదేటో నాకే తెల్డం నేదు."

పైడమ్మ గంప నెత్తికెత్తుకోవడానికి సాయం పట్టమని నాకేసి చూసింది. పట్టాను. ఎండుచేపల గంప అంత బరువుంటుందని నాకు తెలీదు.

నీళ్ళు చల్లిన రోజు

వానలు వెళ్ళాక మా కంపెనీ గుట్టల చుట్టూ గొట్టాలు వేయించి, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లించడం మొదలుపెట్టింది. ఆ మంచి జరిగింది సన్యాసిరావు వార్త వల్ల, నా ఖండన వల్ల కాదు. ఇది కూడా రాసుకోండి. వ్యతిరేకంగా రాసేవాడు మన శత్రువు కాడు. చాలాసార్లు మన యార్డులో మనకంటే ముందు తిరిగి చూసినవాడు.

ఆ గొట్టాలు చూపించడానికి విలేకరులందర్నీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒక పక్కన కాంట్రాక్టరు మనుషులు, ఆడవాళ్ళు, రాలిన ఖనిజపు దుమ్ము చీపుళ్ళతో ఊడ్చి తట్టల్లోకి ఎత్తుతున్నారు. జుట్టూ కనురెప్పలూ ఎర్రగా అయిపోయి అందరూ ఒకేలా ఉన్నారు.

"బాగున్నావా బాబూ?" అంది అందులో ఒకామె.

పైడమ్మ.

కనకయ్య ఆ సీజనుకు వేరే పల్లె చేపలు కుదుర్చుకున్నాడట. "ఆణ్ణనీదేటి, ఆడికీ యేపారం గదా" అంది. మంచి ఎండలున్న రోజుల్లో ఎండబెట్టిన చేపలు కొనేవాళ్ళు లేక చివరికి రోడ్డు పక్కన కుప్పలోనే పారబోసిందట. నేను కుళ్ళినవని రాసిన చేపలు ఆ ఎరువు కుప్పకే చేరాయన్నమాట.

సన్యాసిరావు ఆమెను పోల్చుకున్నాడు. నావైపు చూశాడు. ఏమీ రాయలేదు. రాస్తే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

సంగతి రంగనాథంగారిదాకా వెళ్ళింది. ఆయన మొహం వెలిగిపోయింది. "అదృష్టమంటే ఇదేనండీ. దుమ్ము వల్ల నష్టపోయానన్న మనిషికి మన యార్డులోనే ఉపాధి దొరికింది. ఫోటో తీయించండి, ఒక ప్రకటన ఇద్దాం" అన్నారు. కుళ్ళు మనసుతో అన్న మాట కాదు. నిజంగానే ఆయనకది శుభవార్తలా కనిపించింది. ఆమెను అడిగి చెబుతానన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. షెడ్డు నీడలో కూర్చుని చద్దన్నం తింటోంది. విషయం చెప్పి, నీ పేరూ ఫోటోతో పేపర్లో వేస్తామంటున్నారు, నీకిష్టమేనా అని అడిగాను.

"నిజవే గదా బాబూ. ఇక్కడే సేత్తన్నాను గదా. రాసుకో" అంది.

ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"దాంతోపాటు నా సేపలు మంచియని కూడా ఏత్తావా? మావూళ్ళో ఇంకా కొందరు అడుగుతన్నారు, కుళ్ళు సేపలు ఎందుకు అమ్మినావని. మల్లీ అమ్మీదానికి గాదు. అది పేపర్లో ఉండాల బాబూ, అంతే."

ఆ మధ్యాహ్నమే కూర్చుని రాశాను. ఎవరికీ ఇవ్వకుండా నేనే టైపు చేశాను. ఉపాధి సంగతి రెండో పేరాలో పెట్టి, ఆమె అడిగిన మాట మొట్టమొదట పెట్టాను. రంగనాథంగారు చదివి, పెన్సిలు తీసి, ఆ మొదటి వాక్యాల చుట్టూ నెమ్మదిగా గీత గీశారు.

"ఇదొక్కటీ తీసేద్దామండీ. మిగతాదంతా చాలా బాగుంది."

"అది తీసేస్తే నేను పంపలేనండి" అన్నాను.

మొత్తం ఉద్యోగంలో నేను ఆ మాట అన్నది ఆ ఒక్కసారే. అనవలసినప్పుడు అనకుండా, ఆమె చేతిలోకి చీపురొచ్చాక అన్నాను. ఆయన కోప్పడలేదు. ఇంకొకరి చేత రాయించనూ లేదు. కాగితం మడిచి సొరుగులో పెట్టి, "సరే, వెళ్ళిరండి" అన్నారు. అందుకు ఈనాటికీ ఆయనంటే నాకు గౌరవమే.

మొత్తానికి ఏ ప్రకటనా వెళ్ళలేదు. కొన్నాళ్ళకు కాంట్రాక్టరు మారాడు, పాత కూలీలంతా చెదిరిపోయారు. పల్లెకి వెళ్ళి అడిగితే, పైడమ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందన్నారు. ఏ ఊరో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఆమె ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా ఇది చదువుతుందని కాదు. అయినా అచ్చులో ఉండాలంది కాబట్టి, ఎవరి సంతకం కోసమూ చూడకుండా, అప్పుడు టైపు చేసిన వాక్యాలు ఇక్కడ వేస్తున్నాను.

మేం పరీక్షించినవి ఎరువు కోసం పారబోసిన చేపలు. ఎవరినీ అడక్కుండా వాటిని తీయించింది నేను. పైడమ్మ అమ్మిన చేపలు మంచివి.